డాన్యూబ్ దారిలో కిలోమీటర్లు కాదు, గట్టు చూసుకోవాలి

సంపాదకులకు,

జర్మనీలోని పాసావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట సాగే సైకిలు దారి గురించి మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చింది. బొమ్మలు బాగున్నాయి. ఆ దేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు దాన్ని చూసి సైకిళ్లు తుడుచుకుంటూ ఉంటారు కాబట్టి రెండు విషయాలు సరిచేయక తప్పదు. నది వెంట దారి కనుక అంతా పల్లమేనని రాశారు. అది తప్పు. రోజుకు అరవై కిలోమీటర్ల చొప్పున లెక్కగట్టి అయిదారు రోజుల పట్టిక ఇచ్చారు. అది తప్పు కాదు గానీ, ఈ దారిలో మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్నను అది అసలు ముట్టుకోలేదు. ఏ గట్టు మీద తొక్కాలి?

ముందు పల్లం సంగతి. పాసావు దగ్గర నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 290 మీటర్ల ఎత్తున ఉంటుంది, వియన్నా దగ్గర సుమారు 160. నది పొడవునా దూరం 300 కి.మీ.కు కాస్త తక్కువ. అంటే కిలోమీటరుకు అర మీటరు వాలు కూడా లేదు. సామాన్లు కట్టిన సైకిలు తారుమీద తనంతట తాను నెమ్మదిగా దొర్లాలన్నా కిలోమీటరుకు ఆరేడు మీటర్ల వాలు కావాలి. నది ఇచ్చే సాయం అందులో పదో వంతు కూడా కాదు, కాళ్లకు తెలియనే తెలియదు. పైగా ఆ కాస్త వాలూ దారి పొడవునా సమానంగా పరుచుకుని లేదు. యోఖెన్‌ష్టైన్ నుంచి వియన్నాలోని ఫ్రాయిడెనావు దాకా జలవిద్యుత్తు కోసం పది ఆనకట్టలు కట్టారు. నీళ్లు ఆనకట్ట దగ్గర ఒక్కసారిగా దిగి, తర్వాత చెరువులా నిలబడతాయి. చెరువు గట్టుమీద తొక్కేవాడికి పల్లం ఎక్కడిది? ఉన్నదల్లా చిన్న చిన్న ఎక్కుడు: గట్టు మీదికి ఎక్కే ర్యాంపు, వంతెన మీదికి ఎక్కే ర్యాంపు, ఊళ్లోకి తిరిగే మలుపు. పొడవు తక్కువే గానీ నిటారుగా ఉంటాయి. సామాను బరువంతా వెనక చక్రం మీదే వేసుకున్నవాళ్లకు అక్కడ ముందు చక్రం గాల్లోకి లేవవచ్చు.

ఈ దారిలో పల్లం చేయాల్సిన పని గాలి చేస్తుంది. అక్కడ పడమటి గాలులు ఎక్కువ కాబట్టే అందరూ పాసావు నుంచి వియన్నా వైపు తొక్కుతారు. ఎండ బాగా కాసి వాన లేని రోజుల్లో తూర్పు గాలి కూడా తిరుగుతుంది, కొండల మధ్య ఇరుకు లోయలో అది గొట్టంలోంచి ఊదినట్టు వస్తుంది. లెక్క చూడండి. గంటకు 18 కి.మీ. వేగంతో పోయే సైకిలుకు 10 కి.మీ. ఎదురుగాలి తగిలితే, గాలికి మాత్రం అది 28 కి.మీ. వేగం కిందే లెక్క. గాలి వెనక్కి నెట్టే బలం ఈ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అలాంటి రోజు అరవై కిలోమీటర్ల ప్రణాళికను నలభైకి కుదించుకోవడం ఓటమేమీ కాదు.

ఇక గట్ల సంగతి. ఏరు పోయే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు, కుడి చేతి వైపుది కుడి గట్టు. ఉత్తరం, దక్షిణం అని చెప్పుకుంటే ష్లోగెన్ దగ్గర నది వెనక్కి తిరిగేచోట అన్నీ తారుమారవుతాయి. అక్కడి ఓడలవాళ్లు కూడా కుడి ఎడమలే వాడతారు. నది పక్కన కిలోమీటరు పలకలు కనబడతాయి. ఆ అంకెలు పుట్టుక నుంచి లెక్కించినవి కావు, నల్లసముద్రం దగ్గరి నదీముఖం నుంచి ఎగువకు లెక్కించినవి. అందుకే పాసావు దగ్గర సుమారు 2226 ఉండి, దిగువకు పోయేకొద్దీ తగ్గుతూ వియన్నా దగ్గర సుమారు 1929కి వస్తాయి. సైకిలు దారి బోర్డు మీద రాసే దూరాలూ ఇవీ ఒకటి కావు, దారి పక్కలకు తిరుగుతుంది కాబట్టి అది ఇరవై ముప్పై కిలోమీటర్లు ఎక్కువే తేలుతుంది. అయినా పలక మీద అంకె, గట్టు పేరు గుర్తుపెట్టుకుంటే మీరెక్కడున్నారో ఎవరికైనా ఒక్క ముక్కలో చెప్పగలరు. ప్రమాదం జరిగి 112కు ఫోను చేయాల్సి వచ్చినప్పుడు ఊరి పేరు పలకడంలో తంటాలు పడేకంటే ఇది మేలు.

రెండు గట్ల మీదా దారి ఉందనే మాట మొత్తం మీద నిజమే. అయితే రెండూ అన్నిచోట్లా ఒకటి కావు. ఒకచోట ఒక గట్టున కార్లులేని చక్కటి దారి ఉంటే, అవతల గట్టున లారీల రహదారి పక్కన ఇనుప కమ్మీ వెంట తొక్కాలి. తొమ్మిది పది కిలోమీటర్లు పోయాక ఇది తిరగబడుతుంది. పైగా ఉపనది కలిసే గట్టున దారి నది ఒడ్డును వదిలి లోపలికి పోయి, వంతెన చూసుకుని, మళ్లీ ఒడ్డుకు రావాలి. ఆస్ట్రియాలో పెద్ద ఉపనదులు చాలామటుకు ఆల్ప్స్ కొండల నుంచి దిగేవే, అంటే కుడి వైపు నుంచి వచ్చేవే. లింట్స్ దాటగానే ట్రావున్, ఆ తర్వాత ఎన్స్. ఆ ముక్కలో కుడి గట్టు పట్టుకున్నవాళ్లు రెండుసార్లు లోపలికి తిరిగి వస్తారు, ఎడమ గట్టు వాళ్లు నేరుగా పోతారు.

పాసావు నుంచే మొదలుపెడదాం. అక్కడ కుడి నుంచి ఇన్, ఎడమ నుంచి ఇల్ట్స్ వచ్చి డాన్యూబ్‌లో కలుస్తాయి. ఏడాది సగటున ఇన్ తెచ్చే నీళ్లు డాన్యూబ్ నీళ్ల కంటే ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, వరద దగ్గర పనికొస్తుంది. ఎడమ గట్టున ఓబర్న్‌ట్సెల్ దాకా దారి రహదారి పక్కనే పోతుంది, సద్దు ఎక్కువ. యోఖెన్‌ష్టైన్ ఆనకట్ట నుంచి నీడర్‌రాన్నా దాకా మాత్రం ఎడమ గట్టు చాలా ప్రశాంతం, కార్ల పోరు లేదు, చెట్ల నీడ. కుడి గట్టున వచ్చినవాళ్లు యోఖెన్‌ష్టైన్ ఆనకట్ట మీదుగా ఎడమకు మారవచ్చు. మెట్లు, ఇరుకు తలుపులు ఉంటాయి కాబట్టి సైకిలు దిగి తోసుకుంటూ పోవాలి.

ష్లోగెన్ దగ్గర గట్టి రాయి అడ్డం రావడంతో నది దాదాపు వెనక్కి తిరిగిపోతుంది. ఆ వంపులో ఎడమ గట్టున ఆవు అనే ఊరి దగ్గర (నవ్వకండి, ఊరి పేరే అది) దారి ఆగిపోతుంది. ముందున్నది నిటారు అడవి కొండ, కింద నీళ్లు. అక్కడి నుంచి దిగువన గ్రాఫెనావు దాకా పోవాలంటే నది వెంబడే పోయే పడవ ఎక్కాలి. లేదంటే అడ్డంగా దాటి కుడి గట్టున ష్లోగెన్ చేరి, ఇన్‌ట్సెల్ మీదుగా ఆషాఖ్ వైపు తొక్కాలి. పడవలు వసంతం నుంచి శరత్తు దాకానే తిరుగుతాయి, సాయంత్రం పెందలాడే కట్టేస్తారు, సీజను మొదట్లోనూ చివర్లోనూ వేళలు ఇంకా కుదించుకుంటారు. ఆవు రేవులో చివరి పడవ తప్పితే మిగిలేది వెనక్కి తొక్కడమే. మీ పట్టికలో ఆ రోజుకు కిలోమీటర్ల అంకె ఉంది గానీ పడవ వేళ లేదు. నిజానికి ఆ రోజును నడిపించేది పడవ వేళే. కొత్తవాళ్లకు మా సలహా: నీడర్‌రాన్నా వంతెన మీద కుడి గట్టుకు మారి, వంపు పొడవునా కుడి గట్టునే ఉండండి. పడవల ఆధారం లేకుండా దాటేస్తారు.

ఆషాఖ్ తర్వాత లోయ విచ్చుకుంటుంది, చదును, పొలాలు. అక్కడ ఏ గట్టైనా ఫరవాలేదు, గాలి మాత్రం అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది. లింట్స్ దగ్గరపడే కొద్దీ మళ్లీ కొండలు దగ్గరకొస్తాయి. కుడి గట్టున విల్‌హెరింగ్ నుంచి లింట్స్ వైపు కొండకూ నదికీ మధ్య రోడ్డు ఇరుకు. విల్‌హెరింగ్‌లో బల్లకట్టు ఎక్కి అవతల ఓటెన్స్‌హైమ్‌లో దిగి, ఎడమ గట్టున రోడ్డు పక్కనున్న సైకిలు దారి మీద లింట్స్ చేరడం మేలు. చూడ్డానికి అందమేమీ కాదు, భద్రం.

ఆ బల్లకట్టు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ముందు వాఖావు లోయలో కూడా ఇవే వస్తాయి. వీటికి ఇంజను బలం అక్కర్లేదు. నదికి అడ్డంగా ఎత్తున ఉక్కు తాడు కట్టి ఉంటుంది, దాని మీద కప్పీ దొర్లుతుంది, కప్పీ నుంచి తాళ్లు బల్లకట్టును పట్టి ఉంచుతాయి. నడిపే మనిషి బల్లకట్టును ప్రవాహానికి ఓరగా తిప్పుతాడు. ప్రవాహం దాని పక్కను నెడుతుంది, తాడు దిగువకు పోనివ్వదు, ఇక మిగిలిన దారి అడ్డంగా పోవడమే. అటు ఓర మార్చితే ఇటు వస్తుంది. అంతా ఏటి చలవే కాబట్టి ఏటికి కోపమొస్తే బల్లకట్టు ఆగుతుంది. వరదలో దుంగలు కొట్టుకొస్తాయి, తాడు మీద లాగుడు పెరుగుతుంది, రేవు మునుగుతుంది. నీళ్లు బాగా తగ్గిన రోజుల్లో ప్రవాహం మందగించి దాటడం ఆలస్యమవుతుంది. కార్లు ఎక్కే బల్లకట్టు మీద బరువైన సైకిలుకు ఇబ్బంది లేదు. చిన్న పడవల్లో మాత్రం సంచులు విప్పి, సైకిలు విడిగా ఎత్తి ఇవ్వాలి. పాతిక కిలోల బ్యాటరీ సైకిలైతే ఇద్దరు మనుషులు కావాలి. చిల్లర డబ్బులు దగ్గర పెట్టుకోండి, కార్డు అన్నిచోట్లా చెల్లుతుందని అనుకోవద్దు.

లింట్స్ నుంచి గ్రైన్ దాకా ఎడమ గట్టు. దారిలో మౌట్‌హౌజెన్ వస్తుంది. నాజీల నిర్బంధ శిబిరపు స్మారకం ఊరి పైన కొండమీద ఉంది. దాన్ని చూడకుండా పోకూడదు, అయితే ఈ మొత్తం దారిలో అసలైన ఎక్కుడు అక్కడే. సామాను కింద ఎక్కడైనా భద్రపరిచి ఎక్కడం, ఆ రోజు దూరం తగ్గించుకోవడం మంచిది. ఆ తర్వాతి మాఖ్‌లాండ్ మైదానంలో 2002 వరద తర్వాత కట్టిన పెద్ద కరకట్టలున్నాయి. దారి చాలాచోట్ల నదికి దూరంగా పోతుంది, ఏరు కనబడలేదని దారి తప్పామనుకోకండి.

గ్రైన్ దగ్గర తప్పనిసరిగా గట్టు మారాలి. అక్కడి నుంచి ఇబ్స్ దాకా నది ఇరుకు కొండల మధ్య పోతుంది. ఎడమ గట్టున రహదారి ఉంది, కుడి గట్టున నిశ్శబ్దమైన సన్నదారి. వంతెన ఊరికి కాస్త ఎగువన ఉంది. ఎడమ గట్టున వచ్చేవాళ్లకు వంతెన ముందే ఎదురవుతుంది, అది వదిలేసి ఊళ్లోకి పోతే తర్వాత పడవన్నా ఎక్కాలి, వెనక్కన్నా రావాలి. ఒకప్పుడు ఈ ముక్క ఓడలవాళ్లను హడలెత్తించేది, రాళ్లు, సుడిగుండాలు. రాళ్లను పేల్చేశారు, మిగిలినవి 1959లో పూర్తయిన ఇబ్స్–పెర్జెన్‌బోయిగ్ ఆనకట్ట నీళ్లలో మునిగాయి. ఇప్పుడక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయి. ఈ ప్రయాణంలో మనం తొక్కే గట్టు దారి చాలాచోట్ల పాత ఓడల కాలానిదే, ఓడలను గుర్రాలతో ఎగువకు లాగించిన దారికి మీద తారు పోశారు. అందుకే అది నీటికి అంత దగ్గరగా ఉంటుంది, అందుకే వరద రాగానే ముందు అదే మునుగుతుంది.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 36 కి.మీ. వాఖావు లోయ, 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆస్ట్రియాలో ఆనకట్ట లేకుండా నది స్వేచ్ఛగా పారే రెండు ముక్కల్లో ఇదొకటి (రెండోది వియన్నాకు దిగువన), ఇంజను లేని బల్లకట్లు ఇక్కడ నడవడానికి అదీ కారణం. మెల్క్ వంతెన తర్వాత మౌటర్న్ దాకా వంతెనే లేదు. మధ్యలో గట్టు మారాలంటే ష్పిట్స్–ఆర్న్స్‌డోర్ఫ్, వైసెన్‌కిర్ఖెన్–సాంక్ట్ లోరెన్స్ బల్లకట్లు, డ్యూర్న్‌ష్టైన్–రోసాట్స్ చిన్న పడవ. పేరున్న ఊళ్లన్నీ ఎడమ గట్టున ఉన్నాయి. ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను 1192 చలికాలంలో బంధించిన డ్యూర్న్‌ష్టైన్ కోట శిథిలం కూడా అటే. కానీ రాళ్లు పరచిన సందులు, ఎగుడుదిగుడు, సెలవు రోజుల్లో జనం. కుడి గట్టున పండ్లతోటల మధ్య హాయిగా తొక్కవచ్చు, ఎడమ గట్టు ఊళ్లన్నీ అవతలి నుంచి బొమ్మలా కనబడతాయి. చూడాలంటే ఎడమ, తొక్కాలంటే కుడి. ష్పిట్స్ దాకా కుడిన వచ్చి, బల్లకట్టులో దాటి, డ్యూర్న్‌ష్టైన్ చూసుకుని క్రెమ్స్ చేరడం మా లెక్కలో అన్నిటికంటే సరైన పద్ధతి.

క్రెమ్స్ నుంచి వియన్నా దాకా చెప్పడానికి పెద్దగా లేదు. మైదానం, కరకట్ట, గాలి. మౌటర్న్ వంతెన మీద కుడి గట్టుకు మారి తుల్న్ మీదుగా పోతే దారి ట్స్వెంటెన్‌డోర్ఫ్ అణువిద్యుత్ కేంద్రం పక్కగా పోతుంది. పూర్తిగా కట్టాక 1978 నవంబరు 5న ప్రజాభిప్రాయ సేకరణలో వద్దన్నారు, ఒక్కరోజు కూడా నడవలేదు. తుల్న్ తర్వాత కుడి గట్టున పోతే నేరుగా నగరంలోకి చేరతారు. ఎడమ గట్టున పోతే 21 కి.మీ. పొడవున్న డానావుఇన్‌సెల్ దీవి మీదుగా. వరద నీటికి కొత్త కాలువ తవ్వి, ఆ మట్టితో పోసిన దీవి అది.

వరద గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. డాన్యూబ్‌కు ఇన్ నది ఆల్ప్స్ మంచునీళ్లు తెస్తుంది. ఆ మంచు కరిగేది వసంతం చివర, ఎండాకాలంలో. అంటే సైకిలు తొక్కే రోజులూ నీళ్లు పెరిగే రోజులూ ఒకటే. 2013 జూన్ 3న పాసావులో నీటిమట్టం 12.89 మీటర్లకు చేరింది, 1501 తర్వాత అంత వరద అదే. 2024 సెప్టెంబరులో దిగువ ఆస్ట్రియా రాష్ట్రం నీటమునిగింది. అంత వరద రోజూ రాదు, కానీ గట్టు దారిని ముంచడానికి అంత అక్కర్లేదు. దారికి అడ్డంగా గేటు వేసి ఉంటే దాన్ని పక్కనుంచి తప్పించుకుని పోవద్దు. నాలుగు కిలోమీటర్ల తర్వాత దారి నీళ్లలోకి దిగిపోతే, ఒక పక్క కొండ, ఒక పక్క నది, తిరిగిరావడం ఒక్కటే మార్గం. నీళ్లు తీసిన తర్వాత రెండు మూడు రోజులు కూడా జాగ్రత్త. తారు మీద గోరంత మందాన ఒండ్రు ఉంటుంది, తడిగా ఉంటే సబ్బులా జారుతుంది, ఎండితే దుమ్మై చైనులో చేరుతుంది. వంపుల్లో బ్రేకు వేయకండి, వంపుకు ముందే వేగం తగ్గించుకోండి. సాయంత్రం చైను తుడిచి నూనె వేయండి, రిమ్ము బ్రేకులైతే రబ్బర్లలో దిగిన ఇసుక రేణువులను సూదితో తీయండి, లేకపోతే రిమ్మును ఆకురాయిలా అరగదీస్తాయి. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగొద్దు, హబ్బుల్లోని గ్రీజు పోతుంది.

సైకిలు ఏదైనా ఫరవాలేదని మీ వ్యాసంలో అన్నారు. చదును దారి కాబట్టి గేర్ల సంఖ్యకు ఆ మాట ఒప్పుకోవచ్చు. వెనక చక్రానికి ఒప్పుకోలేం. సామాను కట్టిన సైకిళ్లలో మొదట తెగేది వెనక చక్రపు చువ్వ, అదీ హబ్బు దగ్గర వంగిన మెడ వద్ద. బరువు ఎక్కువై ఒక్కసారిగా తెగదు. చక్రం తిరిగిన ప్రతిసారీ చువ్వ ఒకసారి వదులై మళ్లీ బిగుస్తుంది, అలా లక్షలసార్లు జరిగి లోహం అలసిపోతుంది. ముందే వదులుగా ఉన్న చువ్వ ఇంకా తొందరగా పోతుంది. కాబట్టి బయల్దేరే వారం ముందు చక్రాన్ని తెలిసినవాళ్ల చేత బెండు తీయించి, ఒకే వైపు చువ్వలన్నీ సమానంగా బిగించి ఉన్నాయో లేదో మీటి చూడాలి. ఒకే వైపువన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. 36 చువ్వల చక్రం ఈ పనికి నిశ్చింత. 36లో ఒకటి తెగితే ప్రయాణం ఆగదు: తెగిన చువ్వను తీసేయండి, లేదా పక్కదానికి చుట్టేయండి. రిమ్ము ఏ వైపుకు లాగుతోందో చూసి, ఆ వైపు నుంచి పట్టుకున్న పక్క చువ్వలను అర చుట్టు వదులు చేయండి. రిమ్ము బ్రేకైతే తాకకుండా కాస్త తెరిచి ఉంచండి. తర్వాతి ఊళ్లో కొత్తది వేయించుకోవచ్చు. గేరు పళ్ల వైపు చువ్వ మార్చాలంటే ఆ పళ్ల గుత్తిని విప్పే పనిముట్టు కావాలి, అది అందరి దగ్గరా ఉండదు. చువ్వల పొడవు రెండు వైపులా ఒకటి కాదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది కాబట్టి ఒక్కో పొడవువి రెండేసి కొని సీటు గొట్టంలో దాచుకోండి.

సామాను పన్నెండు పదిహేను కిలోలు దాటనివ్వద్దు. దాటితే కొంత ముందు చక్రం మీదికి తేండి. వెనక క్యారియరును పట్టుకునే అయిదు మిల్లీమీటర్ల బోల్టులు ఇసుకరాళ్ల దారి అదురుకు వదులవుతాయి, రోజూ పొద్దున ఒకసారి చేత్తో క్యారియరు ఊపి చూడండి. నాలుగు అదనపు బోల్టులు, పది ప్లాస్టిక్ కట్లు యాభై గ్రాములు కూడా ఉండవు. టైరు 37 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పుంటే తారుకూ సన్న కంకరకూ సరిపోతుంది. 40 మి.మీ. టైరుకు సామానుతో వెనక సుమారు 4 బార్, ముందు సుమారు 3.5 బార్ గాలి (పీఎస్ఐలో 58, 51) మంచి మొదలు. గాలి తక్కువుంటే ర్యాంపు అంచుకు కొట్టుకుని ట్యూబుకు పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. అలాంటివి కనబడితే ముల్లు కోసం వెతకకండి, గాలి చూసుకోండి. అద్దె సైకిళ్లకు అక్కడ ఇంకా పాతరకం వాల్వు కనబడుతుంది, మీ సన్నవాల్వు ట్యూబు దానికి పనికిరాకపోవచ్చు. తీసుకునే ముందే వాల్వు చూసి, దానికి సరిపడే పంపు, ట్యూబు అడగండి. అద్దె సైకిలుతో ఇంకో చిక్కు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. అలవాటు లేనివాళ్లు ఆగిన తర్వాత పెడలును వెనక్కి తిప్పి సరిచేసుకోబోతారు, అది తిరగదు. ర్యాంపు మధ్యలో అలా ఇరుక్కుని పక్కకు పడిపోతారు. పెడలు పైకి వచ్చినప్పుడే ఆపడం మొదటి అరగంటలో ఖాళీ స్థలంలో నేర్చుకోండి.

చదును దారి పెట్టే బాధ కూడా ఒకటుంది, కొండదారిలో అది కనబడదు. ఎక్కుడు లేదు కాబట్టి సీటు మీంచి లేవరు, దిగుడు లేదు కాబట్టి కాళ్లు ఆపరు. మూడు నాలుగు గంటలు ఒకే భంగిమ. రెండోరోజుకు తొడలు ఒరుసుకుపోవడం, ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారడం మొదలవుతాయి. మెత్తటి సీటు దీనికి మందు కాదు, అది ఇంకా ఒరుస్తుంది. పావుగంటకోసారి పెడళ్ల మీద లేచి నిలబడి ఇరవై చుట్లు తొక్కండి, హ్యాండిలు మీద చేతుల చోటు మార్చండి. తిమ్మిరి తగ్గకపోతే సీటు ముక్కు కిందికి వాలి బరువంతా అరచేతుల మీద పడుతోందేమో చూడండి.

చట్టం సంగతి క్లుప్తంగా. ఆస్ట్రియాలో గుండ్రటి నీలం బోర్డు ఉన్న సైకిలు దారిని వాడి తీరాలి, చదరపు బోర్డు ఉంటే మీ ఇష్టం. సైకిలు దారి ముగిసి రోడ్డులో కలిసేచోట సాధారణంగా దారి ఇవ్వాల్సింది సైకిలువాడే. సిగ్నలు లేని సైకిలు దాటుడు చోట్లకు, దగ్గర్లో మోటారు వాహనం ఉంటే, గంటకు 10 కి.మీ. మించి వేగంతో రాకూడదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. ఫోను చేత పట్టుకుని తొక్కితే జరిమానా. సైకిలు తొక్కేవాళ్లకు రక్తంలో మద్యం పరిమితి వెయ్యింటికి 0.8. వాఖావు ద్రాక్షతోటల నడుమ ఈ అంకె మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

తిరుగు ప్రయాణానికి వియన్నా నుంచి వేగపు రైళ్లలో సైకిలుకు ముందే చోటు రిజర్వు చేసుకోవాలి, ఎండాకాలపు వారాంతాల్లో అవి ముందే నిండిపోతాయి. ప్రాంతీయ రైళ్లలో రిజర్వేషను అక్కర్లేదు గానీ చోటుంటేనే ఎక్కనిస్తారు.

ఈ దారి మీద మళ్లీ రాసేటప్పుడు పటం కూడా వేస్తారు కదా. దయచేసి రెండు గట్లను రెండు రంగుల్లో వేయించండి. కార్లులేని ముక్కలు మందపు గీతగా, వంతెనలు, బల్లకట్లు, దాటనిచ్చే ఆనకట్టలు వేర్వేరు గుర్తులతో, పక్కనే నది కిలోమీటరు అంకెలు (లింట్స్ 2135, గ్రైన్ 2079, ఇబ్స్ ఆనకట్ట 2060, క్రెమ్స్ 2002, తుల్న్ 1963, అన్నీ సుమారుగా). ఆవు నుంచి గ్రాఫెనావు దాకా ఎడమ గట్టున గీత గీయవద్దు, పోయినసారి పటంలో అక్కడ గీత ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుల బృందం